మూత మూస్తే లాప్‌టాప్ నిజంగా పడుకుంటుందా? విండోస్, మ్యాక్, లినక్స్ పవర్ సెట్టింగ్స్ చిక్కు విప్పుదాం

రుషికొండ ఐటీ హిల్స్ మీద సాయంత్రం ఆఫీసు అయ్యాక లాప్‌టాప్ మూత మూసి బ్యాగ్‌లో పడేసి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ గాజువాక చేరి ఇంట్లో బ్యాగ్ తెరిస్తే చెయ్యి పెట్టలేనంత వేడి, బయల్దేరినప్పుడు నిండుగా ఉన్న బ్యాటరీ సగానికి సగం ఖాళీ. వైజాగ్‌లో లాప్‌టాప్ మోసుకు తిరిగే ఏ పది మందిని అడిగినా ఇద్దరు ముగ్గురైనా ఈ మాట చెప్తారు. వెంటనే అందరూ చేసేది ఏంటంటే బ్యాటరీ పోయింది మార్చేయాలి అని షాపుకి పరిగెత్తడం. ఆగండి. చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, అసలు సంగతి ఏంటంటే ఆ లాప్‌టాప్ దారి పొడుగునా మేలుకునే ఉంది.

సెట్టింగ్స్‌లో పది నిమిషాలకి స్లీప్ అని పెట్టాం కదా, మూత మూస్తే స్లీప్ అని కూడా పెట్టాం కదా, మరి ఎందుకు పడుకోలేదు అంటే, ఈ విషయంలో మాట చెల్లేది ఒక్కరిది కాదు, ముగ్గురిది. ఒకటి మెషీన్ తయారు చేసిన కంపెనీ బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే మెషీన్ సొంత సాఫ్ట్‌వేర్‌లో, ఏ రకం స్లీప్ ఇచ్చింది అన్నది, రెండోది మీ ఆపరేటింగ్ సిస్టమ్, మూడోది ఆ టైంలో నడుస్తున్న ప్రోగ్రాములు, డ్రైవర్లు (వైఫై, ఆడియో లాంటి భాగాల్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు). మనకి సెట్టింగ్స్ స్క్రీన్‌లో కనపడేది మధ్యలో ఉన్నది ఒక్కటే. దాన్ని ఎంత తిప్పినా మిగతా ఇద్దరూ కలిసి రాకపోతే పని జరగదు. విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య అసలైన తేడా కూడా ఇక్కడే ఉంది, ఏ సిస్టమ్‌లో ఎవరి మాట ఎక్కువ చెల్లుతుంది అన్నది.

కొంచెం వెనక్కి వెళ్దాం, లేకపోతే అర్థం కాదు. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం (అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్) అని ఒకటి తెచ్చాయి, అందులో ఎప్పుడు పడుకోబెట్టాలో చాలావరకు బయోసే చూసుకునేది, పైన ఏ ఫైల్ సేవ్ అవుతోందో ఎవరు ఏం చేస్తున్నారో దానికి తెలీదు. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే స్టాండర్డ్ విడుదల చేశాయి, దాంతో పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. ఈరోజు పీసీల్లో మీరు చూసే స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్ అన్నీ దీని లెక్క ప్రకారమే. ఎస్0 అంటే మెషీన్ ఆన్‌లో ఉండటం. ఎస్3 అంటే ప్రాసెసర్, డిస్క్, ఫ్యాన్ అన్నీ ఆగిపోయి ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంట్ అందుతూ ఉండటం, అందుకే లేపగానే రెండు మూడు సెకన్లలో మీ పని ఎక్కడ వదిలారో అక్కడే కనపడుతుంది. ఎస్4 అంటే హైబర్నేట్, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి మెషీన్ పూర్తిగా ఆగిపోతుంది, బ్యాటరీ పీకేసినా ఏం కాదు. ఎస్5 మామూలు షట్‌డౌన్.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత ఫోన్లు వచ్చి జనానికి ఒక అలవాటు చేశాయి, బటన్ నొక్కగానే స్క్రీన్ వెలగాలి, పడుకుని ఉన్నా మెసేజ్‌లు రావాలి. లాప్‌టాప్ కూడా అలాగే ఉండాలని 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై వచ్చింది, విండోస్ 10లో అదే పెరిగి మోడర్న్ స్టాండ్‌బై అయింది. ఇందులో మెషీన్ ఎస్3లోకి అసలు వెళ్ళదు, ఎస్0లోనే ఉండి స్క్రీన్ ఆపేసి ఒక్కో భాగాన్ని వీలైనంత తక్కువ పవర్‌కి దించుకుంటూ పోతుంది. అంటే టెక్నికల్‌గా అది ఆన్‌లో ఉన్నట్టే. అన్నీ సవ్యంగా ఉంటే రాత్రంతా వదిలేసినా బ్యాటరీ కొంచెమే తగ్గుతుంది. కానీ ఒక్క వైఫై డ్రైవరో, ఒక్క యూఎస్‌బీ డాంగిలో, వెనకాల అప్‌డేట్ దింపుకుంటున్న ఒక్క ప్రోగ్రామో సరిగ్గా పడుకోకపోతే ప్రాసెసర్ లోతైన నిద్రలోకి వెళ్ళలేదు, గాలి ఆడని బ్యాగ్‌లో వేడెక్కిపోతుంది. అసలే మన ఊరి ఉక్కపోత. పైగా ఇప్పుడొచ్చే కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి కంపెనీలు ఎస్3 తీసేశాయి, మీకు ఎంచుకునే అవకాశమే లేదు. కొనేటప్పుడు షాపులో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని చెప్తారు గానీ ఇది ఎవరూ చెప్పరు, కనీసం బాక్స్ మీద కూడా రాయరు. ఇది నాకు నిజంగా అన్యాయం అనిపిస్తుంది.

మీది ఏ రకమో తెలుసుకోవడం మాత్రం నిమిషం పని. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఏ అని టైప్ చేయండి. రెండు భాగాలుగా లిస్ట్ వస్తుంది, పైన మీ సిస్టమ్‌లో ఉన్న స్లీప్ రకాలు, కింద లేనివి, ఎందుకు లేవో కారణంతో సహా. పై భాగంలో స్టాండ్‌బై ఎస్3 అని ఉంటే మీది పాత పద్ధతి, మూత మూసి బ్యాగ్‌లో పెట్టినా పెద్దగా భయం లేదు. స్టాండ్‌బై ఎస్0 లో పవర్ ఐడిల్ అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై, పక్కనే నెట్‌వర్క్ కనెక్టెడ్ అని ఉంటే పడుకున్నప్పుడు కూడా నెట్ పట్టుకునే ఉంటుందన్నమాట. అప్పుడు ఇదే పవర్‌సీఎఫ్‌జీకి స్లాష్ స్లీప్‌స్టడీ అని ఇవ్వండి. ఒక వెబ్ పేజీ లాంటి రిపోర్ట్ ఫైల్ తయారవుతుంది, అది ఏ ఫోల్డర్‌లో పడిందో కమాండే చెప్తుంది, బ్రౌజర్‌లో తెరవండి. గత మూడు రోజుల్లో మెషీన్ ఎప్పుడెప్పుడు పడుకుంది, ఆ టైంలో ఎంత చార్జింగ్ తిన్నది వరుసగా ఉంటుంది. ఒక్కో వరుస నొక్కితే డ్రిప్స్ అని ఒక శాతం కనపడుతుంది, మూసి ఉన్న టైంలో ఎంత భాగం నిజంగా లోతైన నిద్రలో ఉందో అది చెప్తుంది. అది 90ల్లో ఉంటే సుఖంగా పడుకున్నట్టు, బాగా తక్కువ ఉంటే మీ బ్యాగ్ ఎందుకు కాలిందో దొరికినట్టే, ఇంకొంచెం కింద ఏ డివైస్ ఏ ప్రోగ్రామ్ ఎక్కువసేపు మేలుకుందో పేరుతో సహా ఉంటుంది. బ్యాటరీ మార్చడానికి డబ్బులు పెట్టే ముందు దయచేసి ఈ ఒక్క రిపోర్ట్ చూడండి.

నివారణ ఏంటి అంటే నా లెక్కలో హైబర్నేటే. విండోస్ దాన్ని చాలా మెషీన్లలో మెనూ నుంచి దాచేసింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి ఎడమ వైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింక్ నొక్కి, పైన ఉన్న చేంజ్ సెట్టింగ్స్ అనే లింక్ నొక్కితే కింద హైబర్నేట్ పక్కన టిక్ పెట్టొచ్చు. అదే పేజీలో మూత మూసినప్పుడు ఏం చేయాలి అన్నదానికి రెండు వరుసలు ఉంటాయి, బ్యాటరీ మీద ఒకటి, చార్జింగ్ పెట్టి ఉన్నప్పుడు ఒకటి. బ్యాటరీ వైపు హైబర్నేట్ పెట్టేయండి, చార్జింగ్ వైపు స్లీప్ ఉంచుకోండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్ హైబర్నేట్ నుంచి లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే నష్టం. డిస్క్ మీద హైబర్‌ఫిల్ అనే ఫైల్ మామూలుగా మీ ర్యామ్‌లో 40 శాతం అంత చోటు తీసుకుంటుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ పైచిలుకు. చోటు కోసం దాన్ని తీసేయమని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, ఆ మాట వినకండి. విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక వాల్యూ మార్చి ఎస్3 వెనక్కి తెచ్చుకోండి అనే వీడియోలు కూడా ఉన్నాయి, బయోస్‌లో అసలు ఎస్3 లేకపోతే ఆ మార్పుతో ఉన్న స్లీప్ కూడా పోతుంది. ఇంకోటి, బయల్దేరేటప్పుడు ముందు చార్జర్ పీకి తర్వాత మూత మూయండి, చార్జింగ్‌లో ఉన్నాను కదా అనుకుని మొదలుపెట్టిన వెనకాల పనులు కొన్ని మెషీన్లలో వైరు పీకాక కూడా నడుస్తూనే ఉంటాయి.

ఇక్కడే షట్‌డౌన్ గురించి కూడా చెప్పేయాలి, ఎందుకంటే రోజూ షట్‌డౌన్ చేస్తున్నా సిస్టమ్ స్లో అవుతోంది అనేవాళ్ళు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి కానీ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్క్ మీద సేవ్ అయి మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద సీపీయూ దగ్గర అప్ టైమ్ చూడండి, రోజూ ఆపుతున్నా అక్కడ రోజుల లెక్క పెరుగుతూనే ఉంటుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. ఒకే మెషీన్‌లో విండోస్, ఉబుంటు (ఒక రకం లినక్స్) రెండూ పెట్టుకునే ఇంజినీరింగ్ పిల్లలు ఈ ఫాస్ట్ స్టార్టప్ ఆపేసుకోవడం మంచిది, లేకపోతే లినక్స్ వైపు నుంచి విండోస్ డ్రైవ్ తెరిస్తే రాయడానికి ఒప్పుకోదు, బలవంతం చేస్తే ఫైళ్ళు పాడవుతాయి.

రెండో రకం గొడవ దీనికి రివర్స్, మెషీన్ అసలు పడుకోకపోవడం, లేదా అర్ధరాత్రి దానంతట అదే లేచి వెలగడం. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ రిక్వెస్ట్స్ అంటే ఇప్పుడు ఎవరు పడుకోనివ్వట్లేదో చెప్తుంది, ఎక్కువసార్లు దొరికేది బ్రౌజర్‌లో మర్చిపోయిన వీడియో ట్యాబో, ఆడియో డ్రైవరో. స్లాష్ లాస్ట్‌వేక్ అంటే చివరిసారి ఎవరు లేపారో, స్లాష్ వేక్‌టైమర్స్ అంటే లేపడానికి ఎవరు అలారం పెట్టుకున్నారో. మౌస్ కదిలితే లేస్తున్నట్టయితే డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్ ప్రాపర్టీస్ తెరిచి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ డివైస్ కంప్యూటర్‌ని లేపొచ్చు అన్న చోట టిక్ తీసేస్తే సరిపోతుంది.

హై పర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్ అనే ప్లాన్ల గురించి జనం పడేంత తాపత్రయం అక్కర్లేదు. ఇప్పటి ప్రాసెసర్లు పని లేనప్పుడు తమంతట తామే స్పీడ్ తగ్గించుకుని, పని రాగానే సెకనులో చిన్న వంతులోనే పెంచుకుంటాయి. బ్యాలెన్స్‌డ్‌లో వదిలేయండి. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఫ్యాన్ గోల ఎక్కువైతే బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి దించుకోండి, మామూలు ఆఫీసు పనిలో తేడా పెద్దగా తెలీదు.

మ్యాక్ దగ్గర పరిస్థితి వేరు. చిప్పూ యాపిల్ వాళ్ళదే, సిస్టమూ వాళ్ళదే, కాబట్టి పైన చెప్పిన ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్ళు. 2020లో ఎం1 అనే వాళ్ళ సొంత చిప్ వచ్చాక మ్యాక్‌బుక్ మూత మూసి రెండు మూడు రోజులు వదిలేసినా చార్జింగ్ పెద్దగా దిగదు, అందులో గొప్పతనం ఉంది, ఒప్పుకోవాలి. కానీ మీకు ఇచ్చే సెట్టింగులు బాగా తక్కువ. హైబర్నేట్ అనే బటనే ఉండదు. టెర్మినల్ తెరిచి పీఎంసెట్ అని, తర్వాత మైనస్ జీ అని కొడితే లోపల ఏముందో కనపడుతుంది, హైబర్నేట్‌మోడ్ దగ్గర లాప్‌టాప్‌లలో మామూలుగా 3 అని ఉంటుంది, అంటే ర్యామ్‌కి కరెంట్ ఇస్తూనే ఒక కాపీ డిస్క్ మీద కూడా రాసి పెడుతుంది, బ్యాటరీ పూర్తిగా అయిపోయినా చార్జర్ పెట్టి ఆన్ చేస్తే పని తిరిగి వస్తుంది. 25 అంటే పూర్తి హైబర్నేట్. దాన్ని కదపకపోవడమే మేలు. ఎవరు పడుకోనివ్వట్లేదో చూడటానికి పీఎంసెట్ మైనస్ జీ అసెర్షన్స్. పెద్ద ఫైల్ దిగేదాకా పడుకోకుండా ఉండాలంటే థర్డ్ పార్టీ యాప్ ఏదీ అక్కర్లేదు, కెఫినేట్ అని కమాండ్ సిస్టమ్‌లోనే ఉంది, మైనస్ టీ 3600 అని ఇస్తే గంటసేపు మేలుకుని ఉంటుంది, మూత మూస్తే మాత్రం ఆ నిద్రని అది కూడా ఆపలేదు. 2021లో మాంటెరీ అనే మ్యాక్ వెర్షన్‌తో లో పవర్ మోడ్ కూడా వచ్చింది, బస్సులోనో రైల్లోనో పని చేసుకునేటప్పుడు పనికొస్తుంది.

లినక్స్‌లో అన్నీ మీ చేతిలోనే, బాధ్యత కూడా మీదే. ఇక్కడ పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ చేసే పనిని ఒక చిన్న ఫైల్ చేస్తుంది. సిస్ ఫోల్డర్‌లో పవర్ అనే ఫోల్డర్, అందులో మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అనే ఫైల్, దాన్ని క్యాట్ కమాండ్‌తో చదివితే ఒకే ఒక్క లైను వస్తుంది. అందులో ఎస్2ఐడిల్, డీప్ అని రెండు మాటలు ఉండి ఒకదాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే ఆ బ్రాకెట్‌లో ఉన్నదే ఇప్పుడు నడుస్తున్నది. డీప్ అంటే మన పాత ఎస్3, ఎస్2ఐడిల్ అంటే మోడర్న్ స్టాండ్‌బై లాంటిది. డీప్ ఉన్నా బ్రాకెట్ ఎస్2ఐడిల్ చుట్టూ ఉంటే బూట్ ఆప్షన్లలో డీప్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు, విండోస్‌లో దొరకని ఈ స్వేచ్ఛ ఇక్కడ దొరుకుతుంది. డీప్ అన్న మాటే లేకపోతే మీ లాప్‌టాప్ కంపెనీ ఇవ్వలేదు, ఉబుంటు లాంటి ఏ డిస్ట్రో (లినక్స్ రకం) వేసినా రాదు.

లినక్స్‌లో అందరూ తికమకపడేది ఇంకోటి ఉంది. మూత మూస్తే ఏం చేయాలో సిస్టమ్‌డీ లాగిన్‌డీ అనే భాగం చూసుకుంటుంది, దాని కాన్ఫ్ (సెట్టింగ్స్) ఫైల్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైను మార్చమని అన్ని చోట్లా రాసి ఉంటుంది. మారుస్తారు, రీస్టార్ట్ చేస్తారు, ఏమీ మారదు. ఎందుకంటే కేడీఈ లాంటి డెస్క్‌టాప్ (తెర మీద విండోలు, మెనూలు చూపించే భాగం) లాగిన్ అవ్వగానే మూత సంగతి నేను చూసుకుంటాను నువ్వు తప్పుకో అని లాగిన్‌డీకి చెప్పేస్తుంది, అక్కడి నుంచి కేడీఈ సెట్టింగ్స్‌లో ఏముంటే అదే జరుగుతుంది. సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ అనే కమాండ్‌కి రెండు మైనస్‌లు పెట్టి లిస్ట్ అని ఇస్తే ఎవరు ఏ పనిని తమ చేతిలోకి తీసుకున్నారో వరుసగా చూపిస్తుంది. కాన్ఫ్ ఫైల్ ముట్టుకునే ముందే ఇది చూడండి.

హైబర్నేట్ విషయంలో ఉబుంటు 12.04 నుంచి దాన్ని మెనూలో రాకుండా ఆపేసింది, హార్డ్‌వేర్‌ని బట్టి ఒక్కోచోట ఒక్కోలా ప్రవర్తిస్తుందని. కావాలంటే మీ ర్యామ్‌లో ఉన్నదంతా పట్టేంత స్వాప్ (ర్యామ్‌కి తోడుగా డిస్క్ మీద పెట్టే చోటు) ఉండాలి, అది ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్‌ని మొదలవ్వనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో కెర్నల్ హైబర్నేట్‌ని ఒప్పుకోదు కూడా. ఓపిక చేసుకుని ఇవన్నీ దాటితే సస్పెండ్ దెన్ హైబర్నేట్ అని ఒక మంచి ఏర్పాటు ఉంది, మొదట మామూలుగా పడుకుని, మీరు చెప్పిన టైం దాటాక తనే లేచి డిస్క్ మీద రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది. నాకైతే బ్యాగ్‌లో తిరిగే మెషీన్‌కి ఇంతకంటే సరైన పద్ధతి ఏ సిస్టమ్‌లోనూ కనపడలేదు.

డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు కాబట్టి దాని కథ కరెంట్ మీద ఆధారపడి ఉంటుంది. ఎస్3లో ర్యామ్‌కి కరెంట్ అందాలి అన్నాం కదా, మెషీన్ స్లీప్‌లో ఉండగా కరెంట్ పోతే సేవ్ చేయని పని మొత్తం పోయినట్టే. దీనికోసమే విండోస్ విస్టా నుంచి హైబ్రిడ్ స్లీప్ అని ఉంది, పడుకునే ముందు డిస్క్ మీద కూడా ఒక కాపీ రాస్తుంది, మ్యాక్‌లో 3 అన్నది చేసే పనే. అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ కింద ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంట్ లేకుండా గడిపిన వాళ్ళం, వానాకాలంలో గాలి గట్టిగా వీస్తే చాలు లైట్లు ఆరతాయని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళకి ఒక మాట. ఇళ్ళల్లో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తున్నామో మెయిన్ లైన్ మీద నడుస్తున్నామో కంప్యూటర్‌కి తెలీదు, దానికి రెండూ ఒకేలా కనపడతాయి, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయిన క్షణాన హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది. అదే యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి కలిపే యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగా గుర్తించి క్రిటికల్ బ్యాటరీ యాక్షన్ అనే సెట్టింగ్ చూపిస్తుంది, అక్కడ హైబర్నేట్ పెట్టుకుంటే మీరు ఇంట్లో లేకపోయినా పని సేవ్ అవుతుంది. మ్యాక్‌లో అలాంటి యూపీఎస్ తగిలిస్తే ఎప్పుడు షట్‌డౌన్ అవ్వాలో చెప్పే ఆప్షన్లు వస్తాయి, లినక్స్‌లో నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వేసుకోవాలి. కొనేటప్పుడు యూపీఎస్ వెనకాల ఆ యూఎస్‌బీ పోర్ట్ ఉందో లేదో చూడండి, చవకవాటిలో చాలావరకు ఉండదు.

కరెంట్ బిల్లు లెక్క కూడా వేద్దాం. పని లేకుండా ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ 50 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే, రాత్రి 8 నుంచి పొద్దున్న 9 దాకా 13 గంటలకి 650 వాట్ అవర్లు, అంటే ముప్పావు యూనిట్‌కి కొంచెం తక్కువ. నెలకి దగ్గర దగ్గర 20 యూనిట్లు. ఇంట్లో ఒక్కటైతే స్లాబ్ అంచు మీద ఉన్నవాళ్ళకి తప్ప ఈపీడీసీఎల్ బిల్లులో పెద్దగా తెలీదేమో గానీ, ద్వారకానగర్‌లో 30 సిస్టమ్‌లు ఉన్న కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఆపకుండా వదిలేస్తే నెలకి 585 యూనిట్లు ఊరికే పోయినట్టు. ఒక్కో మెషీన్‌లో అరగంటకి స్లీప్ అని పెడితే అది చాలావరకు మిగులుతుంది, పొద్దున్న వచ్చిన స్టూడెంట్ ఎదురు చూడాల్సింది రెండు మూడు సెకన్లే.

డెస్క్‌టాప్ వాళ్ళు ఒక్కసారి బయోస్‌లోకి కూడా వెళ్ళి రండి, ఇది విండోస్ సెట్టింగ్స్‌లో దొరకదు. రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో దానికి దగ్గర పేరుతోనో ఒక ఆప్షన్ ఉంటుంది, పోయిన కరెంట్ తిరిగొచ్చినప్పుడు మెషీన్ ఆఫ్‌లోనే ఉండాలా, ఆన్ అవ్వాలా, ఇంతకుముందు ఎలా ఉందో అలా అవ్వాలా అని అడుగుతుంది. గాలివాన రోజు కరెంట్ పది నిమిషాల్లో నాలుగుసార్లు వచ్చి పోతుంటే, ఆన్ అని పెట్టిన మెషీన్ ప్రతిసారీ బూట్ మధ్యలో ఆగిపోతుంది, డిస్క్ పాడవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. ఇంట్లో వాడేదానికి ఆఫ్ పెట్టండి. సీసీటీవీ రికార్డ్ చేసేదో, ఆఫీసు సర్వరో అయితే ఆన్ పెట్టక తప్పదు, కాకపోతే దాని ముందు యూపీఎస్ ఉండి తీరాలి.